లారీని కిందే ఆపిన రోజు

జూన్ 4

మరదలా,

ఇంటి ఓనరు మీ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపుతాడట, అందుకని వచ్చే నెల మొదటివారంలోగా మీరు తట్టాబుట్టా సర్దుకోవాలట. తమ్ముడు ఫోన్లో ఈ సంగతి చెప్పిన తీరు వింటే, రేపు కాస్త మబ్బు పట్టొచ్చు అని చెబుతున్నట్టుంది. ఇన్నేళ్లు ఆ ఇంటికి సున్నాలు వేయించి, కారే కప్పు కింద గిన్నెలు పెట్టి, కొళాయిలు మార్చింది మీరు. ఆయన చేసిందల్లా ఆ స్థలానికి వారసుడుగా పుట్టడం. పుట్టడం ఒక పనా? సరే, దీని మీద మా పత్రికలో విడిగా వ్యాసం రాస్తాను. నీ మీద ఎందుకు అరవాలి.

నా బెంగ అమ్మ గురించి. చూపు పోయాక కూడా ఆ ఇంట్లో ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. తన టీ తనే పెట్టుకుంటుంది. స్నానాలగదికి తనే వెళ్తుంది. తలుపు చప్పుడైతే తనే లేచి తీస్తుంది. ఆ గోడలు ఆవిడ అరచేతికి తెలుసు. కొత్త ఇంట్లో ఇదంతా ఏమవుతుంది? మంచం మీద కూర్చుని "ఎవరక్కడ" అని పిలిచే మనిషి అయిపోతుందా? మా అమ్మ అలా పిలవడం నేను వినలేను, ముందే చెబుతున్నాను.

అందుకని నా మాట విను. అమ్మని నా దగ్గరికి పంపు. మీరు మారండి, సర్దుకోండి, మూలలు గుండ్రంగా ఉన్న సామాను కొనండి, గోడల వెంట పట్టుకోవడానికి కమ్మీలు వేయించండి. అంతా అయ్యాక తీసుకెళ్లండి. పాత చెత్తంతా పారెయ్యి. సగం ఇల్లు ఖాళీ అవుతుంది, సగం పని తగ్గుతుంది.

ఇంతకీ తమ్ముడు ఏం చేస్తున్నాడు? నువ్వు పొద్దుటే బస్‌స్టాండ్ టికెట్ కౌంటర్‌కి పరుగెత్తి, సాయంత్రం వచ్చి అట్టపెట్టెలు కడుతుంటే, వాడు పేపరు చదువుతున్నాడని నా అనుమానం. ఉత్తరం అమ్మకి చదివి వినిపించేటప్పుడు ఈ పేరా దాటెయ్యి.

మీ వదిన


జూన్ 11

వదినగారికి,

దాటేశాను. దాటేసిన చోట అత్తయ్య చెయ్యి పైకెత్తింది. "ఇక్కడ ఏదో మింగావు, కక్కు," అంది. జీవితమంతా ప్రెస్సులో అక్షరాలు పేర్చిన మనిషి దగ్గర పేరా ఎగ్గొట్టడం నా వల్ల కాదు. మొత్తం చదివాను. మీ తమ్ముడుగారు అప్పుడు నిజంగానే పేపరు చదువుతున్నారు. అత్తయ్య నవ్వింది, ఆయన నవ్వలేదు.

మీ దగ్గరికి రావడం గురించి అత్తయ్య సమాధానం యథాతథంగా రాస్తున్నాను. "దానింట్లో నేను నెలరోజులుంటే, నన్ను కూర్చోబెట్టి నా హక్కులన్నీ నాకు చదివి వినిపిస్తుంది. మంచినీళ్లు మాత్రం అదే తెచ్చిస్తుంది." కోపం తెచ్చుకోకండి. మీరంటే ఆవిడకి ప్రాణం, అందుకే భయం.

ఇల్లు దొరికింది. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, గాలి ఉంది. ఇక సామాను సంగతి అడగకండి. పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఒకే గిన్నెల పెట్టెని మూడు గదులూ తిప్పాను. కట్టిన పెట్టెలోనే కత్తెర ఉండిపోయింది, దాన్ని తియ్యడానికి ఇంకో కత్తెర కొనాల్సొచ్చింది. అటక మీంచి కుక్కర్ మూతలు దిగాయి, కుక్కర్లు లేవు. పరుపు చుట్టి తాడు కట్టి వెనక్కి తిరిగానో లేదో అది విప్పుకుని నా మీద పడింది. అత్తయ్య పక్క గదిలోంచి, "పరుపేనా, నువ్వా?" అని అడిగింది.

పాత సామాను ఏదీ పారెయ్యడం లేదు. కాలు వంకరపోయిన స్టూలూ, తలుపు పట్టని బీరువా, అంచు విరిగిన అరల బల్లా, అన్నీ వస్తున్నాయి. మీ తమ్ముడుగారి పట్టుదల. ఆయన రోజూ సాయంత్రం టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, కుర్చీలో కూర్చుని కొత్త ఇంటికి నక్షా గీస్తున్నారు.

మీ మరదలు


జూన్ 19

మరదలా,

నక్షా గీస్తున్నాడా. ఆఫీసులో పగలంతా గీసేది నక్షాలే, ఇంటికొచ్చి కూడా గీతలేనా? ఒక మనిషి పరుపు కింద పడి ఉంటే ఇంకో మనిషి కుర్చీలో కూర్చుని స్కేలు పెట్టి గీతలు గీస్తాడు. దీన్నే పని విభజన అంటారు. ఆడవాళ్లది మోత, మగవాళ్లది ప్రణాళిక. నేను రాసిందేదీ నా పుట్టింటి గుమ్మం దాకా రాలేదన్నమాట.

ఆ చెత్త ఎందుకు మోసుకెళ్తున్నాడో కూడా నాకు తెలుసు. పిసినారితనం. కొత్త బల్ల కొనాల్సొస్తుందని. చూపులేని తల్లి తిరిగే ఇంట్లో కాలు వంకర స్టూలు పెట్టే కొడుకుని ఏమనాలి? వాడికే నేరుగా రాశాను. మర్యాదగా మొదలుపెట్టాను, చివరిదాకా మర్యాద నిలవలేదు. జవాబివ్వలేదు. తప్పు చేసినవాడి మౌనం ఎలా ఉంటుందో నాకు తెలియదా.

నువ్వెందుకు ఊరుకుంటున్నావు? కౌంటర్ దగ్గర క్యూ తప్పినవాణ్ని నిలబెట్టి కడిగేస్తావని అమ్మ గొప్పగా చెబుతుంది. ఇంట్లో ఆ నోరు ఏమైంది?

వదిన


జూన్ 27

వదినగారికి,

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టుంది మీరు ఆయనకి రాసిన ఉత్తరం. మీ తమ్ముడుగారు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "అక్కకి నువ్వే రాయి, నేను రాస్తే అది ఉత్తరంగా ఉండదు," అన్నారు. కాబట్టి రాస్తున్నాను.

ఆ నక్షా అత్తయ్య కోసం. పాత ఇంట్లో మంచం నుంచి బీరువాకి ఎంత దూరం, బీరువా నుంచి గుమ్మానికి ఎంత, పొయ్యి దగ్గర నిలబడి చెయ్యి చాస్తే చక్కెర డబ్బా ఎంత ఎత్తులో తగులుతుంది, అన్నీ కొలిచారు. కొత్త ఇంట్లో అదే దూరంలో, అదే ఎత్తులో, అదే సామాను పెడతారట. ఆ స్టూలు కాలు వంకరదే, కాని అత్తయ్య దాని వంకరని బట్టే అది ఎటు తిరిగి ఉందో చెబుతుంది. బీరువా తలుపు పట్టదు, ఆ కిర్రుమనే చప్పుడే ఆవిడకి గుర్తు. కొత్తవి కొంటే ఇవన్నీ పోతాయని ఆయన భయం. అమ్మకి ఇల్లు మారినట్టు తెలియకూడదు అంటారు. కళ్లు ఎర్రగా చేసుకుని గీస్తున్నారు వదినగారూ. పెట్టెలు కట్టడంలో చెయ్యి వెయ్యరన్న మాట మాత్రం నిజమే. దాన్ని నేను కాదనను.

వచ్చే ఆదివారం లారీ. ఆ ఒక్క రోజు అత్తయ్యని పక్కింటి టీచరమ్మ దగ్గర కూర్చోబెడతాం. సామానంతా నక్షా ప్రకారం దిగాక తీసుకెళ్తాం.

ఇంట్లో నా నోరేమైందని అడిగారు. ఉంది. అరిగిపోతుందని పొదుపుగా వాడతాను.

మీ మరదలు


జూలై 1

మరదలా,

తమ్ముడి సంగతి చదివాను. మళ్లీ చదివాను. చిన్నప్పుడు వాడు నా జడకి రంగులు పూసినప్పుడు కొట్టినదాని కంటే ఇప్పుడు ఎక్కువ కొట్టాను. వాడికి చెప్పు, అక్క మాట వెనక్కి తీసుకుంది అని. సగం. పెట్టెల సగం అలాగే ఉంది.

కాని పక్కింట్లో కూర్చోబెట్టడమేమిటి? అమ్మ సామానా? పెట్టెలు లారీలో, అమ్మ పక్కింట్లో. అన్నీ దిగాక చివర్న దింపే గాజువస్తువా? నువ్వు అంటావు, నెల క్రితం మీరే నా దగ్గరికి పంపమన్నారు కదా, అదేం న్యాయం అని. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని నువ్వు మనసులో అనుకోవడం నాకిక్కడికి వినిపిస్తోంది. అనుకో. అప్పుడు నేను తప్పు, ఇప్పుడు మీరు తప్పు.

ఓనరు మిమ్మల్ని అడగలేదని నాకు కోపం వచ్చింది. తన ఇల్లు, తన ఇష్టం, మీకు కబురు మాత్రం పంపాడు. మనం అమ్మకి చేస్తున్నది అదే కదా? నేను నా దగ్గరికి రమ్మన్నాను, వాడు నక్షా గీశాడు, నువ్వు పెట్టెలు కట్టావు. ముగ్గురం ప్రేమతోనే చేశాం. అసలు అమ్మని ఎవరైనా అడిగారా, నీకేం కావాలి అని?

వదిన


జూలై 11

వదినగారికి,

చేరాం. గిన్నెలు దొరికాయి, గరిటెలు దొరకలేదు. పాత ఇంటి కర్టెన్లు ఇక్కడి కిటికీలకి మోకాలిదాకా వచ్చి ఆగాయి. దేని మరలు దేనివో తెలియక అన్నీ ఒక సీసాలో పోశాం, అందుకని మీ తమ్ముడుగారి మంచం ఇంకా మంచం కాలేదు. ఇవన్నీ తర్వాత.

మీ ఉత్తరం శనివారం సాయంత్రం వచ్చింది. కట్టిన పెట్టెల మీదే ముగ్గురం కూర్చున్నాం, నేను చదివాను. "అసలు అమ్మని ఎవరైనా అడిగారా" దగ్గరికి రాగానే అత్తయ్య, "అడగలేదు," అంది.

మీ తమ్ముడుగారు, "ఇదంతా నీ కోసమేగా అమ్మా," అన్నారు.

"నా కోసమే. కాదన్నానా? అడగలేదు అన్నాను."

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఏం కావాలి?"

"ఖాళీ ఇల్లు. సామాను కంటే ముందు నేను ఎక్కాలి."

ఆయన నా వైపు చూశారు. నేను ఉత్తరంలో తల దూర్చాను.

ఆదివారం లారీ ముందు సీట్లో, డ్రైవర్ పక్కన అత్తయ్య కూర్చుంది. కొత్త ఇంటి కింద లారీ ఆగింది. సామాను దించే మేస్త్రీ, ఆయన మనుషులూ తాళ్లు విప్పుతుంటే, నేను విప్పొద్దన్నాను. అత్తయ్యని మూడో అంతస్తుకి తీసుకెళ్లి, తాళం తీసి, గుమ్మం దాటించి, నేను బయటే నిలబడ్డాను. చెప్పులు విప్పి, ఎడమచెయ్యి గోడకి ఆనించి, ఆవిడ మొదలుపెట్టింది. ప్రతి గదిలో చప్పట్లు కొట్టింది. తలుపులు మూసి తెరిచింది. కొళాయిలు తిప్పింది. కిటికీ దగ్గర నిలబడి మొహం అటూ ఇటూ తిప్పి గాలి ఎక్కణ్నుంచి వస్తోందో చూసింది. స్నానాలగది గడప తన్నుకుని ముందుకు తూలింది. నేను అడుగు వేశాను. "రాకు," అంది, వెనక్కి తిరగకుండానే.

ఈలోగా కింద నుంచి అందరూ పైకి వచ్చారు. మేస్త్రీ, "అమ్మా, ఇల్లు చూడ్డం అద్దెకి దిగేముందు కదండీ, ఇప్పుడేంటి, నాకు ఇంకో చోట పనుంది," అన్నాడు. అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి, మధ్యాహ్నం దాటితే సామానుకి లిఫ్టు ఇవ్వం అన్నాడు. మీ తమ్ముడుగారు నక్షా చుట్ట పట్టుకుని, "సామాను దిగాక కూడా తిరగొచ్చు కదా, కాస్త చెప్పు," అన్నారు.

నేను గుమ్మానికి రెండువైపులా చేతులు పెట్టి నిలబడ్డాను. భోజనానికి కౌంటర్ మూసినప్పుడు క్యూ ఎలా అరుస్తుందో నాకు అలవాటే. కొంతసేపటికి దానికదే సద్దుమణుగుతుంది. "ఆవిడ రమ్మనేదాకా ఎవరూ లోపలికి రారు," అన్నాను. "నువ్వు కూడానా," అన్నారాయన. "ముందు నేనే వెళ్లను," అన్నాను.

చాలాసేపటికి అత్తయ్య, "రండి," అంది. మీ తమ్ముడుగారు నక్షా గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చివరిదాకా విని, ఆయన భుజం తడిమి పట్టుకుంది. "ఒరే, పాత ఇంట్లో వంటిల్లు నాకు కుడివైపు. ఇక్కడ ఎడమవైపు. నీ కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కుడిచేతి పని ఎడమచేతికి అప్పజెప్పావు. పాత ఇల్లు తెచ్చి ఇందులో పరిచి, ఇది అదే అనుకోమంటే ఎలా? నాకు చూపు పోయింది, మతి పోలేదు. ఇల్లు మారానని నాకు తెలియాలి."

తర్వాత అన్నది మీకు అర్థమవుతుంది, మీరు ఆ ప్రెస్సులోనే ఆడుకుంటూ పెరిగారట. "మా ప్రెస్సులో అక్షరాల గళ్లపెట్టె ఎవరిది వాళ్లే నింపుకునేవాళ్లం. వేరేవాళ్లు ఎంత చక్కగా నింపినా దాని ముందు కూర్చునేవాళ్లం కాదు. నింపిన చేతికే తెలుస్తుంది, ఏ గడిలో ఏముందో. ఈ ఇల్లు నేను నింపుకుంటాను."

హాలు మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది. ప్రతి వస్తువూ ఆవిడ ముందు ఆగాలి, తాకించుకోవాలి, చెప్పిన చోటికి వెళ్లాలి. అంతవరకూ విసుక్కున్న మేస్త్రీ తన మనుషుల్ని కసరడం మొదలెట్టాడు, "ముందు వస్తువు పేరు చెప్పు, తర్వాత లోపలికి రా." "అమ్మా, బీరువా." "అమ్మా, మంచం, తలవైపు మీ ఎదురుగా ఉంది." ఫ్రిజ్ తెచ్చి వీధి గుమ్మం పక్కన పెట్టించింది. అందరం అది వంటింట్లో ఉండాలన్నాం. "దాని గుర్రు వినిపిస్తే తలుపెక్కడుందో తెలుస్తుంది," అంది. అన్నం తినే బల్ల గోడకి ఆనుకుంది, ముగ్గురం ఒకే వరసలో కూర్చుని గోడని చూస్తూ తింటున్నాం. వచ్చినవాళ్లు, ఇంకా సర్దుకోలేదా అని అడుగుతున్నారు. సర్దుకున్నాం అంటే నమ్మడం లేదు.

అంతా బాగుందని రాయను. మోకాలు కమిలింది. టీ గిన్నె ఒకసారి దొర్లింది, చెయ్యి కాలలేదు. మొన్న రెండు తలుపుల మధ్య దారితప్పి నిలబడిపోయింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. "అత్తయ్యా" అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగాను. అలా నిలబడి, తల వంచి, ఫ్రిజ్ చప్పుడు పట్టుకుని, అటు తిరిగి నడిచి వచ్చింది. నేను చూశానని తెలిసిందో లేదో. చెయ్యి కడుక్కుని, "ఇవాళ కూరలో ఉప్పు తక్కువ చెయ్యి," అంది.

మీ తమ్ముడుగారు నక్షాని పారెయ్యబోయారు. అత్తయ్యే వద్దంది. "ఉంచరా. ఆ పాత ఇల్లు ఇంకెక్కడా మిగల్లేదు," అంది.

మీ మరదలు


జూలై 16

మరదలా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను, నా మొహం చూసి పక్క సీటువాళ్లు, మీవాళ్లెవరైనా పోయారా అని అడిగారు. ఎవరూ పోలేదు, మా మరదలు గుమ్మంలో నిలబడింది అన్నాను. వాళ్లకి అర్థం కాలేదు.

హక్కులూ స్వేచ్ఛా అని ఇన్నేళ్లుగా రాస్తున్నాను. లారీని కింద నిలబెట్టి, సెక్రటరీ గద్దిస్తుంటే, కట్టుకున్నవాడు బతిమాలుతుంటే, చేతులు దించని మనిషి ఎలా ఉంటుందో నాకు తెలియకుండానే రాశాను. నోరు పొదుపుగా వాడతానన్నావు. నన్ను చూసి నేర్చుకోకపోవడం నీ అదృష్టం.

అమ్మ గురించి ఏం రాయాలో తెలియడం లేదు, నాకిది కొత్త. తమ్ముడికి వేరే ఉత్తరం రాశాను. ఈసారి చివరిదాకా మర్యాద నిలిచింది.

కాని కమ్మీల మాట వదలను. మోకాలు కమిలిందంటే కమిలిందే. ఆవిడ ఆత్మగౌరవానికి, గోడకి ఒక కమ్మీ వెయ్యడానికి వైరం ఏమిటి? నెలాఖరుకి వస్తున్నాను, ఆవిడతోనే వాదించుకుంటాను. ముందు అడుగుతాలే, భయపడకు.

వదిన


జూలై 21

వదినగారికి,

రండి. మీరొచ్చే రోజు నాకు డ్యూటీ, ఆయనకి ఆఫీసు. సెలవు పెడతామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "నా కూతురు వస్తుంటే తలుపు నేను తీస్తాను, మీరెందుకు," అంది.

ఈ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బెల్ ఒక్కసారే కొట్టాలి. కొట్టి ఆగాలి. మళ్లీ కొడితే ఆవిడ కంగారుపడి తొందరలో గోడ వదిలేస్తుంది. బయటినుంచి పిలిచినా అంతే, మాట వచ్చిన వైపు నేరుగా నడిచేస్తుంది, మధ్యలో బల్ల తగులుతుంది. తలుపుకి తాళం ఉండదు, నెడితే తెరుచుకుంటుంది. నెట్టకండి. మాకూ కష్టంగానే ఉంటుంది. మీకు ఇంకాస్త కష్టం, తెలుసు.

మీ మరదలు


ఆగస్టు 3

మరదలా,

ఇల్లు చేరాను. నాలుగు రోజులు అక్కడే ఉన్నా నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నీ ఎదురుగా చెబితే నవ్వుతావని ఉత్తరంలో రాస్తున్నాను.

ఆ రోజు బెల్ ఒక్కసారే కొట్టాను. లోపల మంచం కిర్రుమంది. తర్వాత ఏమీ వినిపించలేదు. తర్వాత అరచెయ్యి గోడ మీద రాసుకుంటున్న చప్పుడు, అది ఆగింది. ఏదో కింద పడింది, లోహం వస్తువు, దొర్లుకుంటూ పోయింది. నా చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. అది నా చెయ్యేనని గుర్తుచేసుకుని వెనక్కి లాక్కున్నాను. ఎందరో మంత్రుల్ని నిలదీశాను కాని, ఆ తలుపు నెట్టకుండా నిలబడటం అంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదు.

అప్పుడే మీ సెక్రటరీ మెట్లు దిగుతూ వచ్చాడు. "ఎవరండీ మీరు? ఆవిడకి కనబడదు పాపం, ఎంతసేపు నిలబడతారు, తోసుకుని వెళ్లండి, తాళం ఉండదు," అని తనే చెయ్యి చాచాడు.

నేను అడ్డం వెళ్లాను. రెండుచేతులూ చాచి, నీలాగే. అరవకూడదు కదా, అందుకని గుసగుసగా మొదలుపెట్టాను. పాపమేమిటండీ, ఎవరు పాపం, ఆవిడ ఇంటి తలుపు ఆవిడ తీసుకుంటోంది, మీ ఇంటి తలుపు వీధిన పోయేవాడు తోసుకుని వస్తే మీకెలా ఉంటుంది, ఆలస్యమైతే మీకేం పోయింది, లిఫ్టు టైమా? ఆయన కూడా గుసగుసగానే, "అమ్మా, నేను సాయం చేద్దామనే," అంటూ ఒక మెట్టు ఎక్కాడు. సాయం గురించి నాకు చాలా చెప్పాల్సి ఉంది, చెప్పడం మొదలుపెట్టాను కూడా. గుసగుసగా పోట్లాడటం ఎంత కష్టమో, సగం కోపం గాల్లోనే ఖర్చయిపోతుంది.

నా వెనక తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు కూడా నేను వినలేదు.

అమ్మ గుమ్మంలో నిటారుగా నిలబడి ఉంది, ఒక చెయ్యి మీ ఫ్రిజ్ మీద ఉంది. మొహం మా ఇద్దరి వైపూ తిప్పింది.

"సెక్రటరీ గారూ, మీరెళ్లండి, దానికి ఆకలేసినప్పుడు ఇలాగే ఉంటుంది," అంది. "లోపలికి రావే. టీ పెడతాను."